తాళం వేసే మనిషి

మధ్య గేటుకి తాళం వేయాలని సొంతిళ్ళ సంఘం తీర్మానించింది. కొత్త తాళం, దాని చెవి సెక్రటరీ స్వయంగా తెచ్చి పోస్టాయన చేతిలో పెట్టాడు. "దీపాలు పెట్టే వేళకి వేసెయ్యండి. అద్దెవాళ్ళకి ముందుగా చెప్పక్కర్లేదు. చెబితే గోల. వేశాక వాళ్ళకే తెలుస్తుంది" అన్నాడు. పోస్టాయన తల ఊపాడు. కిందటి వారం అక్కడ ఆగాం.

ఈ వారమే పేజీ తిప్పినవాళ్ళకి నాలుగు ముక్కలు. ఒకటే పొడుగాటి భవనం, మూడంతస్తులు. తూర్పు సగం కొనుక్కున్నవాళ్ళది. పడమటి సగం సర్కారు తక్కువ అద్దెకిచ్చిన ఇళ్ళు. పునాది ఒకటే, కప్పు ఒకటే, వానొస్తే కారే చోటు కూడా ఒకటే. మధ్యలో నిలువునా ఒక గోడ. ఆ గోడే బయటికి సాగి ఆవరణని రెండు చేస్తుంది. అందులో మనిషి పట్టేంత ఇనప గేటు. బస్సు స్టాపు తూర్పు వైపుంది. గేటు మూసేస్తే అద్దెవాళ్ళు గోడౌన్ల వెనకనుంచి పేటంతా చుట్టుకుని రావాలి. మూటలతో, పిల్లలతో, కాళ్ళ నొప్పులతో.

వీళ్ళు వాళ్ళని 'అద్దెవాళ్ళు' అంటారు. వాళ్ళు వీళ్ళని 'సొంతోళ్ళు' అంటారు. సొంతోళ్ళంటే అయినవాళ్ళని కూడా అర్థం ఉంది. ఆ అర్థంలో ఇంతవరకూ ఎవరూ అనలేదు.

పోస్టాయనది తూర్పు వైపు కింది అంతస్తులో చివరి ఇల్లు. ఉద్యోగమంతా పోస్టాఫీసులో ముద్రలు కొట్టే సీటులోనే గడిచింది. ముద్రని సిరా మెత్త మీద ఒకసారి అద్దడం, కవరు మీద ఒకసారి కొట్టడం. అద్దు, కొట్టు. అద్దు, కొట్టు. రిటైరైన రోజు పెద్ద ఆఫీసరు మైకు పట్టుకుని ఆయన గురించి చెప్పింది ఒక్కటే మాట, హాజరు బాగుందని. గుమ్మానికి కూడా అంతకంటే మంచి మాట చెప్పొచ్చు. గుమ్మం కూడా రోజూ హాజరే.

ఆయన గోడకి అవతల ఇస్త్రీ పిన్ని గది. అక్కడ రోజూ సాయంత్రం పదిమంది చేరి పాడతారు. పోస్టాయన గోడ మీద పిడికిలితో కొడతాడు, ఆపమని. రెండు నెలలుగా కొడుతూనే ఉన్నాడు. వాళ్ళు ఆపకపోగా ఆయన కొట్టినకొద్దీ పాట ఊపందుకుంటోంది. సిగ్గులేని జనం అని ఆయన తేల్చేసుకున్నాడు. సంఘం మీటింగులో తల అంత తేలిగ్గా ఊగడానికి కారణం అదే.

ఇప్పుడాయన వాలుకుర్చీలో కూర్చుని ఉన్నాడు. తాళం చొక్కా జేబులో ఉంది. జేబు బరువుకి కిందికి వేలాడుతోంది. వంటింట్లో ఆయన ఇల్లాలు కూరగాయలు తరుగుతోంది.

"ఆ ఇనప ముక్క జేబులో ఎందుకండీ, చొక్కా సాగిపోతుంది" అంది, తలెత్తకుండా.

"బాధ్యత."

"బాధ్యతయితే భుజాన పెట్టుకోవాలి. జేబులో దాచుకునేది బాధ్యత కాదు."

"సంఘం మాట కాదంటే నలుగురిలో ఉండలేం."

"ఉన్నామా ఇప్పుడు, నలుగురిలో" అంది ఆవిడ. కత్తి చప్పుడు ఆగలేదు.

ఎవరో తలుపు తట్టారు.

తీస్తే ఎదురుగా ఇస్త్రీ పిన్ని. ఆవిడ వెనక, గుమ్మం పట్టనంత మనిషి, సిటీ బస్సు డ్రైవరు. ఇద్దరూ అద్దె వైపువాళ్ళు. డ్రైవరు యూనిఫారం విప్పకుండా వచ్చాడు. ఎవరో చెప్పేశారు అనుకున్నాడు పోస్టాయన. తెలుపు రంగు చొక్కాలోంచి తాళం నల్లగా కనబడుతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చూసేవాళ్ళకి గుండె మీద చెయ్యేసి పలకరించినట్టుంది.

ఇస్త్రీ పిన్ని మురిసిపోయింది. ఆవిడ కూడా గుండె మీద చెయ్యేసుకుంది.

"బాబాయిగారూ, మీతో ఒక మాట. తాళం వేసేది మీరేనని మాకు తెలుసండి."

ఇక దాచి లాభం లేదు. పోస్టాయన వెన్ను నిటారు చేశాడు.

"అవును. నేనే."

"వచ్చి అడుగుదామని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాం. మొహమాటం" అన్నాడు డ్రైవరు.

"మొహమాటానికేముంది. సంఘం నాకు అప్పజెప్పింది."

ఇస్త్రీ పిన్ని వెనక్కి తిరిగింది. "విన్నావా అన్నయ్యా. సంఘమే అప్పజెప్పిందట. ఆ సెక్రటరీగారిని మనం ఊరికే ఆడిపోసుకున్నాం."

"పైకి అలా ఉంటారు గానీ లోపల మంచాయనే అన్నమాట" అన్నాడు డ్రైవరు.

పోస్టాయనకి కాళ్ళ కింద నేల కొంచెం వంకరగా అనిపించింది. "ఎన్నాళ్ళనుంచో ఏమిటి. నేనింకా ఒక్కసారి కూడా వెయ్యలేదు."

డ్రైవరు నవ్వాడు. "రెండు నెలలనుంచి రోజూ వేస్తూ వెయ్యలేదంటారేంటండీ. పెద్దవాళ్ళకి వినయం ఉండొచ్చు, మరీ ఇంతా."

"రోజూనా? నేనా?"

"ఒక్కరోజు తప్పలేదు. మొన్న మీకు జ్వరం కాబోలు, ఆ రోజు కూడా వేశారు. కాకపోతే కొంచెం నెమ్మదిగా."

వెటకారం చేస్తున్నారని పోస్టాయనకి అనుమానం వచ్చింది. మొహాలు చూశాడు. వెటకారం చేసేవాళ్ళ మొహాలు అలా వెలగవు.

"చూడమ్మా. నేను వేస్తే నెమ్మదిగా వెయ్యడం ఉండదు. గట్టిగానే వేస్తాను. ఎవరి తరమూ కానంత గట్టిగా."

"అదే కావాలండి మాకు" అంది ఇస్త్రీ పిన్ని.

"మీకు కావాలా?"

"గట్టిగా వేస్తేనే కదండీ అందరం ఒక్కచోట ఉండేది. లేకపోతే ఎవరి దారిన వాళ్ళు పోతారు."

"ఆడవాళ్ళూ పిల్లలూ కూడా?"

"పిల్లలే ముందు పరిగెడతారు. వాళ్ళని పట్టి ఉంచేది మీ తాళమే."

"మీకేం ఇబ్బంది లేదన్నమాట."

"ఇబ్బందేముంది. ఒక్కటే మనవి. మధ్యలో వదిలెయ్యకూడదు."

"ఒకసారి వేశానంటే తెల్లారేదాకా అంతే."

ఇస్త్రీ పిన్ని బుగ్గన వేలేసుకుంది. "తెల్లారేదాకానా. అంతసేపు మావల్ల కాదు బాబాయిగారూ. గంట పాడేసరికే డ్రైవరన్నయ్య గొంతు బొంగురుపోతుంది."

పాడేసరికి అన్న మాట పోస్టాయన చెవిదాకా వచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడింది.

"ఆదివారం టౌన్ హాల్లో పేటల పాటల పోటీ ఉందండి" అని ఆవిడ అసలు సంగతికి వచ్చింది. "వాయిద్యాలు వద్దన్నారు. తాళం మాత్రం ఒక మనిషి స్టేజీ మీద కూర్చుని వెయ్యాలట. మాకు తాళం వేసేవాడు, రంగులేసే మేస్త్రీ, వేరే పేటకి మారిపోయాడు. పాట ఎటు పోతోందో మాకే తెలిసేది కాదు. అప్పుడో సాయంత్రం ఈ గోడలోంచి తాళం పడింది. ఎవరో పెద్దమనిషి మా అవస్థ చూడలేక సాయం పట్టాడనుకున్నాం. ఇన్నాళ్ళూ గోడ చాటున వేశారు, బాగానే ఉంది. గోడని స్టేజీ మీదకి మోసుకెళ్ళలేం కదండీ. అందుకని మిమ్మల్నే అడుగుదామని వచ్చాం."

వంటింట్లో కత్తి ఆగింది. ఆ తర్వాత, పైట నోట్లో కుక్కుకుంటే ఎలాంటి చప్పుడు వస్తుందో అలాంటి చప్పుడు వచ్చింది.

పోస్టాయన నోరు తెరిచాడు. నేను కొట్టింది ఆపమని, సాయానికి కాదు అని చెప్పాలి. నిజాయితీపరుడు ఆ మాటే చెబుతాడు. కానీ ఉద్యోగం మొత్తంలో, తన పనిని ఇంత శ్రద్ధగా విని, ఒక్కరోజు నెమ్మదిగా పడితే జ్వరమా అని అనుకున్నవాళ్ళు ఆయనకి తగల్లేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

ఇల్లాలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కళ్ళలో నీళ్ళు. "ఉల్లిపాయలు" అంది వాళ్ళతో. "ఆయన వస్తారమ్మా. మీరు గేటు దగ్గరుండండి, చెప్పులేసుకుని వస్తారు."

వాళ్ళటు తిరగ్గానే పోస్టాయన గొంతు తగ్గించాడు. "నీకు ముందే తెలుసా?"

"రెండు నెలలనుంచి తెలుసు. మీరు కొట్టడం ఆలస్యమైతే వాళ్ళు పాట మొదలెట్టకుండా ఆగుతారు. మీరు గమనించలేదు, నేను గమనించాను."

"చెప్పొచ్చుగా."

"చెబితే కొట్టడం మానేసేవారు. అప్పుడు వాళ్ళు పాడడం మానేసేవారు. నేను వినేది ఏముంది ఇంక ఈ ఇంట్లో, మీ దగ్గు తప్ప."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"వెళ్ళి తాళం వెయ్యండి."

"ఏ తాళం?"

"అది దారిలో ఆలోచించుకోండి" అని ఆవిడ చెప్పులు ముందుకి తోసింది.

దారి ఎంతో లేదు. గుమ్మం దిగితే ఆవరణ, ఆవరణ దాటితే గేటు. డ్రైవరు గేటుని బస్సు తలుపంత మర్యాదగా తీసి పట్టుకున్నాడు. పోస్టాయన తల వంచి దాటాడు. ఆ ఇల్లు కొన్నాక గేటు దాటడం అదే మొదలు. జేబులో తాళం అడుగడుక్కీ రొమ్ముకి తగిలింది.

ఇస్త్రీ పిన్ని గదిలో సగం ఇస్త్రీ బల్లే ఉంది. గోడవారన మడతలు పెట్టిన బట్టలు, దొంతర్లు దొంతర్లుగా. సొంతిళ్ళ చొక్కా కింద అద్దె చొక్కా, దాని కింద మళ్ళీ సొంతిళ్ళ చీర. బట్టలకి ఏ గొడవా లేదు. మిగిలిన జాగాలో పదిమంది నేల మీద కూర్చున్నారు. పోస్టాయన్ని ఆశ్చర్యపరిచింది వాళ్ళు కూర్చున్న తీరు. మామూలుగా పాడేవాళ్ళు గుండ్రంగా కూర్చుంటారు, లేదా వినేవాళ్ళ వైపు తిరుగుతారు. వీళ్ళంతా వరసగా గోడ వైపు తిరిగి కూర్చున్నారు. ఆయన గోడ. దాని మీద సుద్దతో గుండ్రంగా ఒక గీత గీసి ఉంది.

"మీ దెబ్బ పడేది అక్కడేనండి" అన్నాడు డ్రైవరు. "చూపు అక్కడ పెడితే చెవి అక్కడే ఉంటుందని."

గీత లోపల సున్నం పెళ్ళలూడి ఉంది. అవతల తను కోపంతో కొట్టిన చోటు, ఇవతల ఇంతమంది కళ్ళార్పకుండా చూస్తున్నారు. పోస్టాయనకి ఎక్కడ చూడాలో తెలియలేదు.

"గోడ పాడైపోయిందే" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"సగం గోడ మీదేగా. మీ సగం మీరు కొట్టుకున్నారు, మా సగంలో సున్నం రాలింది. లెక్క సరి" అంది ఇస్త్రీ పిన్ని. అందరూ నవ్వారు. "కూర్చోండి బాబాయిగారూ. గోడ స్థానంలో కూర్చోండి."

ఆయన్ని వాళ్ళకి ఎదురుగా, వీపు గోడకి పెట్టి, ఇస్త్రీ బల్ల ముందు కూర్చోబెట్టారు. బల్ల మీద మధ్యలో నాలుగు మడతలు వేసిన దుప్పటి. చివర్న ఒట్టి చెక్క. పోస్టాయన చెయ్యి దుప్పటి మీద పెట్టాడు. మెత్తగా ఉంది. ఇంకొంచెం జరిపాడు. చెక్క గట్టిగా తగిలింది. మెత్త, గట్టి. చెయ్యికి ఆ చోటు తెలుసు. ఆయనకి తెలిసేలోపే చెయ్యికి తెలిసింది.

అద్దు, కొట్టు. అద్దు, కొట్టు.

ఇస్త్రీ పిన్ని ఎత్తుకుంది.

*మడత మీద మడత పెట్టు,*
*మనసు మాత్రం విప్పి పెట్టు.*
*ముడత ఏదో మిగిలిపోతే*
*ముసిముసిగా నవ్వి రుద్దు.*

గోడ అవతలనుంచి వింటే ఇది రొద. ఇవతల కూర్చుంటే పాట. ఇంత పెద్ద డ్రైవరు అంత సన్నటి గొంతుతో పాడతాడని పోస్టాయన ఊహించలేదు. మొదటి చరణంలో చెయ్యి బిగుసుకుని ఉంది. రెండో చరణంలో భుజం వదులైంది. మూడోదానికి తల ఊగింది, సంఘం మీటింగులో ఊగినట్టు కాదు. చివరి వరసలో ఒక ముసలావిడ వెనకబడబోయింది. ఆయన ఆ ఒక్క దెబ్బ కొంచెం పొడిగించి ఆవిణ్ణి ఎక్కించుకున్నాడు, బయల్దేరిన బస్సు ఒక్క క్షణం ఆగినట్టు. ఆవిడ కళ్ళతోనే దండం పెట్టింది.

పాట అయిపోయింది. చెయ్యి మాత్రం ఇంకో నాలుగు కవర్లు కొట్టి ఆగింది.

"ఇంకోటి" అన్నాడు పోస్టాయన.

అడిగింది తనేనా అని తనే చుట్టూ చూశాడు. వాళ్ళు ఇంకోటి పాడారు. ఆ పైన ఇంకోటి. కిటికీలో వెలుగు ఎర్రబడిందీ, బయట వీధి దీపం వెలిగిందీ ఎవరూ చూడలేదు.

గుమ్మంలో సెక్రటరీ నిలబడ్డాడు.

సెక్రటరీ చెడ్డవాడు కాదంటారు కొందరు. ఆ కొందరిలో అతని ఇరుగూ పొరుగూ లేరు. అతను గేటు దగ్గరికొచ్చి, గేటు బార్లా తీసి ఉండడం చూసి, పోస్టాయన ఇంటికెళ్ళి, అక్కడ "ఆయన తాళం వెయ్యడానికే వెళ్ళారండీ" అన్న జవాబు విని, మళ్ళీ గేటుకొచ్చి, దాటి, పాట వెంబడి ఇక్కడికొచ్చాడు. అప్పటికే రొప్పుతున్నాడు.

"మీరిక్కడున్నారా" అన్నాడు. "తాళం వేశారా లేదా?"

పోస్టాయన నోరు విప్పేలోపు గదంతా ఒక్కసారి జవాబిచ్చింది.

"వేస్తున్నారండీ."

"బ్రహ్మాండంగా వేస్తున్నారు" అన్నాడు డ్రైవరు. "మీ సంఘమే పంపిందటగా. మీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు సార్. రండి, కూర్చోండి."

ఎవరో జరిగి చోటిచ్చారు. ఎవరో గ్లాసుతో నీళ్ళిచ్చారు. సెక్రటరీ గ్లాసు పుచ్చుకున్నాడు, ఎందుకు పుచ్చుకున్నాడో తెలియక. "నేనడిగేది గేటు తాళం" అన్నాడు. "గేటుకి వెయ్యమన్న తాళం."

పాట ఆగినా ఆగని నవ్వులు అప్పుడు ఆగాయి.

"ఏ గేటు?" అంది ఇస్త్రీ పిన్ని.

సెక్రటరీ పోస్టాయన వైపు చూశాడు. పోస్టాయన బల్ల వైపు చూశాడు. మాట వదిలించుకోవడానికి ఇదే అదను. ఏమో, నాకు తెలియదు అనొచ్చు. సెక్రటరీ చెప్పుకుంటాడు, తిట్లు సెక్రటరీ తింటాడు. కానీ ఎదురుగా పది మొహాలు, ఇన్నాళ్ళూ గోడని చూసినంత నమ్మకంగా, ఆయన్ని చూస్తున్నాయి. పోస్టాయన జేబులోంచి తాళం తీసి బల్ల మీద, చెక్క ఉన్న చోట పెట్టాడు. ఠంగుమంది.

"మధ్య గేటుకి. ఈ రాత్రినుంచి. మీకు చెప్పకుండా వెయ్యమన్నారు. వేస్తానని ఒప్పుకున్నాను" అన్నాడు.

ముసలావిడ పక్కావిణ్ణి అడిగింది, ఏమిటంటున్నారని. పక్కావిడ చెవిలో చెప్పింది. ముసలావిడ మోకాళ్ళు పట్టుకుని చూసుకుంది, గోడౌన్ల దారి అప్పుడే నడిచొచ్చినట్టు.

ఇస్త్రీ పిన్ని తాళాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"అంటే రెండు తాళాలూ మీ దగ్గరే ఉన్నాయన్నమాట" అంది.

"ఉన్నాయమ్మా."

"రెండూ వెయ్యలేరు బాబాయిగారూ. గేటు మూసుంటే మీరిటు వచ్చేదెట్లా, మేం మీతో కలిసి హాలుకి పోయేదెట్లా. ఏదో ఒకటే వెయ్యాలి. ఏది వేస్తారు?"

ఆవిడ గొంతులో కోపం లేదు. సెక్రటరీ తొందరపెట్టాడు. "సంఘంలో తలూపి వచ్చారు. సొంతింటివాళ్ళు మీరు. ఆలోచించుకోండి, రేపు పైపు పగిలినా, దీపం పోయినా సంఘం దగ్గరికే రావాలి."

పోస్టాయన లేచాడు. ఇస్త్రీ పిన్ని చేతిలోంచి తాళం తీసుకున్నాడు. తీసుకెళ్ళి సెక్రటరీ చేతిలో, ఖాళీ గ్లాసు తీసేసి, దాని బదులు పెట్టాడు.

"నాకు ఒక తాళం వెయ్యడమే వచ్చు" అన్నాడు. "అదీ ఈ ఊళ్ళో ఎవరికీ ఇంతవరకూ అవసరపడలేదు. ఇప్పుడు పడింది. ఇది మీరే వేసుకోండి."

వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. డ్రైవరు ఈల వేశాడు. సెక్రటరీ మొహం కందగడ్డ అయింది.

"వేస్తాను. నాకు చేతులు లేవా" అని విసవిసా నడిచాడు. అందరూ వెనకే వెళ్ళారు. గేటు దగ్గర అతను ఒక్క గుంజు గుంజి రెక్క మూశాడు. గొళ్ళెం పెట్టాడు. తాళం తగిలించి నొక్కాడు. టక్కుమంది. చేతులు దులుపుకుని, గెలిచినవాడిలా వెనక్కి తిరిగాడు.

తిరిగితే ఎదురుగా అద్దెవాళ్ళు. కుడివైపు అద్దెవాళ్ళు. ఎడమవైపు పోస్టాయన.

"సెక్రటరీగారూ" అన్నాడు డ్రైవరు, ప్రయాణికుడికి స్టాపు దాటిపోయిందని చెప్పే గొంతుతో. "మీరు ఇటువైపున్నారండి."

సెక్రటరీ గేటుని చూశాడు, తాళాన్ని చూశాడు, తనని తాను చూసుకున్నాడు. ముందు నవ్వింది ముసలావిడ. ఆ తర్వాత ఎవరి నవ్వు ఎవరిదో తెలియలేదు. పోస్టాయన అంత నవ్వి ఎన్నేళ్ళయిందో, పక్కటెముకలు పట్టుకున్నాడు.

"చెవి" అన్నాడు సెక్రటరీ. "చెవి మీ దగ్గరేగా ఉంది."

"ఇంట్లో మేకుకి తగిలించి వచ్చాను."

"ఇక్కడే ఉంది" అని అవతలనుంచి వినబడింది.

గేటు కమ్మీల అవతల పోస్టాయన ఇల్లాలు. చేతిలో చెవి. నవ్వులు విని సొంతిళ్ళ బాల్కనీల్లోకి ఒక్కొక్కరే వచ్చారు. ఎక్కువమంది ఆడవాళ్ళే.

"తియ్యండమ్మా, పుణ్యముంటుంది" అన్నాడు సెక్రటరీ.

"తీస్తాను. ముందు ఒక మాట. ఈ గేటుకి తాళం ఎవరు వెయ్యమన్నారు?"

"సంఘం. మీవారు కూడా తలూపారు."

"ఊపే ఉంటారు. కానీ ఇల్లు నా పేరున ఉంది. సంఘంలో సభ్యురాలిని నేను. మీరు ఆయన్ని పిలిచి తల ఊపించుకున్నారు. ఆ తల నాది కాదు."

బాల్కనీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"పైనున్నవాళ్ళలో కూడా చాలామందివి అంతే" అంది ఆవిడ. "ఇల్లు ఒకరి పేర, తల ఇంకొకరిది. మనల్ని ఎవరన్నా అడిగారా వదినా?"

"ఎవరడిగారు, నాకు ఇప్పుడే తెలిసింది" అని పై అంతస్తునుంచి జవాబొచ్చింది. "నా ఇస్త్రీ బట్టలు తెచ్చేదెవరు, గేటు మూస్తే?"

"దొంగలొస్తే ఎవరు చూస్తారు మరి?" అని ఇంకో బాల్కనీ అడిగింది.

"దొంగ నీ ఇంటికొస్తే, పాపం ఏడ్చి పోతాడు" అని మూడో బాల్కనీ అంది.

ఇల్లాలు చెవి పైకెత్తి పట్టుకుంది. "అయితే ఇప్పుడే అడుగుదాం. ఎవరి పేర ఇల్లుందో వాళ్ళే చెయ్యెత్తండి. గేటు తెరిచి ఉంచాలని ఎక్కువమంది అంటే, తాళం తీసి చెత్తకుండీలో పారేస్తాను. మూయాలని ఎక్కువమంది అంటే, సెక్రటరీగారిని ఇటు రానిచ్చి నా చేత్తోనే మళ్ళీ వేస్తాను. సరేనా సెక్రటరీగారూ?"

సెక్రటరీ బాల్కనీలవంక చూశాడు. అందరూ తనకి తెలిసినవాళ్ళే. "అడగండి. నాకేం భయం" అన్నాడు.

తెరవాలన్నవాళ్ళు చేతులెత్తారు. డ్రైవరు టిక్కెట్లు లెక్కపెట్టినట్టు గట్టిగా లెక్కపెట్టాడు. మూయాలన్నవాళ్ళు ఎత్తారు. మళ్ళీ లెక్కపెట్టాడు. ఒకసారి గొంతు సవరించుకుని మొదటినుంచి లెక్కపెట్టాడు.

"సరిసమానం" అన్నాడు.

ఇస్త్రీ పిన్ని పోస్టాయన చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి వేడిగా ఉంది. ఆదివారమూ, గోడౌన్ల దారీ, రేపటి పాటా అన్నీ ఒక్క చెయ్యి దగ్గర ఆగాయి.

"ఒకరు ఎటూ ఎత్తలేదు" అంది ఇల్లాలు, పైకి చూస్తూ.

అందరూ అటు చూశారు. మూడో అంతస్తులో, చివరి బాల్కనీలో, సెక్రటరీ భార్య. సంఘం మీటింగుల్లో అందరికీ టీ అందించేది ఆవిడే. ఆవిడ గొంతు ఈ భవనంలో విన్నవాళ్ళు లేరు. ఆ ఇల్లు ఆవిడ పేరున ఉందని, సెక్రటరీ తన చెయ్యి ఎత్తకపోవడం చూశాకే అందరికీ తెలిసింది.

"నువ్వు లోపలికి వెళ్ళు" అన్నాడు సెక్రటరీ, కిందనుంచి.

ఆవిడ వెళ్ళలేదు. గేటు ఇవతల చిక్కుకున్న మొగుణ్ణి కాసేపు అలా చూసింది. పెదవుల మీద నవ్వో మరొకటో, అంత దూరంనుంచి తెలియలేదు.

"నీకే చెప్పేది" అన్నాడతను.

ఆవిడ చేతిలో ఉన్న గిన్నె పిట్టగోడ మీద పెట్టింది. తడి చెయ్యి చీరకి తుడుచుకుంది. "ముందు నన్నొక మాట చెప్పనివ్వండి" అంది.